ల్యాబ్‌కి కొత్త టెక్నాలజీ తెస్తున్నారా? పేషెంట్ వివరాలు బయటపడకుండా ఇలా చేయండి

రిజిస్టర్‌లో చేత్తో రాసుకున్న రోజుల్లో పేషెంట్ వివరాలు ఎక్కడున్నాయని ఎవరైనా అడిగితే బీరువా చూపించేవాళ్లం. ఇప్పుడు అదే ప్రశ్న ఒక మామూలు టౌన్ ల్యాబ్ ఓనర్‌ని అడిగి చూడండి. రిసెప్షన్ కంప్యూటర్లో కొంత, ఎనలైజర్ (శాంపిల్‌ని పరీక్షించే మెషీన్) పక్కనున్న పాత పీసీలో కొంత, సాఫ్ట్‌వేర్ కంపెనీ క్లౌడ్‌లో కొంత, హోమ్ కలెక్షన్‌కి వెళ్లే కుర్రాడి ఫోన్ గ్యాలరీలో ఇంకొంత. అన్నీ కలిపి ఎక్కడెక్కడున్నాయో ఓనర్‌కే తెలియదు.

అవి బయటికి పోవడానికి ఆరితేరిన హ్యాకర్ ఎవరూ రానక్కర్లేదు. 2016లో ముంబైలోని ఒక ల్యాబ్‌కి చెందిన వేల రిపోర్టులు పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌లో దొరికాయి. వాటిలో హెచ్ఐవీ రిపోర్టులు కూడా ఉన్నాయి. 2020లో దేశంలోని పెద్ద ల్యాబ్ చైన్లలో ఒకదాని పేషెంట్ బుకింగ్ వివరాలున్న స్ప్రెడ్‌షీట్లు క్లౌడ్ స్టోరేజ్‌లో అలాగే తెరిచి ఉన్నట్టు బయటపడింది. రెండు చోట్లా లింకు తెలిస్తే చాలు, ఎవరైనా చూడొచ్చు.

అందుకే ముందుగా చెప్పేది ఒక్కటే. మెషీన్ అయినా, యాప్ అయినా కొనే ముందు పేషెంట్ పేరు దాంట్లోంచి ఎవరి దగ్గరికి పోతుందో కాగితం మీద గీయండి. గీయలేకపోతే అప్పుడే కొనకండి. ఈ పనికి ఐటీ డిపార్ట్‌మెంట్ అక్కర్లేదు. ఐదారుగురు పనిచేసే ల్యాబ్‌లో కూడా ఓనర్, సీనియర్ టెక్నీషియన్ కూర్చుంటే అయిపోతుంది.

1. ఒక శాంపిల్ వెంట నడవండి

రద్దీ లేని ఒక మధ్యాహ్నం చూసుకుని, సీబీపీ (రక్తకణాల పరీక్ష), షుగర్ రాయించుకుని వచ్చిన ఒక పేషెంట్‌ని ఎంచుకోండి. ఆ మనిషి పేరు ల్యాబ్‌లో ఎక్కడెక్కడ పడుతుందో వెంటే తిరిగి రాసుకోండి.

రిసెప్షన్‌లో పేరు, వయసు, ఫోన్ నంబర్ ఎంట్రీ చేస్తారు. డాక్టర్ చీటీని ఫోన్‌తో ఫొటో తీస్తారు. ఆ ఫోన్ ల్యాబ్‌దా, రిసెప్షన్ అమ్మాయి సొంతదా? సొంతదైతే ఆ ఫొటో ఆటోమేటిగ్గా ఆమె గూగుల్ ఫొటోస్‌లోకి కూడా వెళ్లిపోయి ఉండొచ్చు. తర్వాత బార్‌కోడ్ ప్రింట్ అవుతుంది, ట్యూబ్ మీద అతుకుతుంది. ట్యూబ్ ఎనలైజర్‌లోకి వెళ్తుంది, రిజల్ట్ దాని మెమరీలో కూడా నిలిచిపోతుంది. ల్యాబ్ డాక్టర్ (పాథాలజిస్ట్) ఇంట్లో కూర్చుని ఫోన్‌లో రిపోర్టు అప్రూవ్ చేస్తారు. పీడీఎఫ్ వాట్సాప్‌లో పోతుంది. మన దగ్గర చేయని టెస్టు ఉంటే శాంపిల్‌తో పాటు పేరు, వయసు రాసిన ఫారం కూడా హైదరాబాద్‌లోని రెఫరెన్స్ ల్యాబ్‌కి కొరియర్‌లో వెళ్తుంది.

ఇంతటితో అయిపోయిందనుకుంటారు. అసలు చిక్కు చివర్లో ఉంది. నెలాఖరున అకౌంటెంట్‌కి వెళ్లే బిల్లుల్లో టెస్టు పేరు ఉంటుందా? పేషెంట్లని రెఫర్ చేసినవాళ్లకి కమీషన్ లెక్కగా ఇచ్చే ఎక్సెల్ షీటులో పేషెంట్ పేరు, టెస్టు, బిల్లు మొత్తం వరుసగా ఉంటాయా? ఆ ఇచ్చిపుచ్చుకోవడాలు సబబేనా అన్నది వేరే గొడవ, ఇక్కడ దాని జోలికి పోను. కానీ ఎవరికి ఏ రోగమో తెలిపే షీటు నెలనెలా పదిమంది మెయిళ్లలో తిరుగుతుంటే సాఫ్ట్‌వేర్‌కి ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టి ఏం లాభం?

పేరు ఆగిన ప్రతిచోటా కొన్ని ప్రశ్నలు వేసుకోండి. ఇక్కడ దీన్ని ఎవరెవరు చూడగలరు? ఎన్నాళ్లు ఉంటుంది? ఇక్కడి నుంచి పోతే మనకి తెలిసే దారి ఏదైనా ఉందా? జవాబు లేని చోట ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టండి. మీరు మొదట సరిచేయాల్సినవి అవే.

2. అవసరం లేనిది తీసుకోవడం మానేయండి

మన దగ్గర లేని డేటా మన దగ్గర్నుంచి పోదు. మామూలు రక్తపరీక్షకి పేరు, వయసు, స్త్రీయా పురుషుడా, ఫోన్ నంబర్, రాసిన డాక్టర్ పేరు చాలు. ఆధార్ జిరాక్స్ ఎందుకు? కోవిడ్ రోజుల్లో అడగడం మొదలుపెట్టి చాలా చోట్ల అలాగే కొనసాగిస్తున్నారు. ఇన్సూరెన్స్ వాళ్లకో, ప్రభుత్వ పథకానికో కావాలంటే ఆ ఒక్క కేసుకే తీసుకోండి. 14 అంకెల ఆభా నంబర్ (ప్రభుత్వ డిజిటల్ హెల్త్ ఐడీ) ఇవ్వడం పేషెంట్ ఇష్టం. లేదంటే టెస్టు చేయం అనకండి.

చాలామంది గమనించని సంగతి ఇంకొకటి. ఎనలైజర్‌ని సాఫ్ట్‌వేర్‌కి కలిపేటప్పుడు ఇంజనీర్ పేషెంట్ పేరు కూడా మెషీన్‌కి వెళ్లేలా సెట్ చేసి పోతాడు. నిజానికి చాలా మెషీన్లకి శాంపిల్ నంబర్ ఉంటే సరిపోతుంది. రిజల్ట్ అదే నంబర్‌తో తిరిగి వస్తే పేరు కలపడం, వయసును బట్టి నార్మల్ రేంజ్ చూపించడం సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. ఇలా కలిపే (ఇంటర్‌ఫేసింగ్ చేసే) రోజే "పేరు పంపకండి, ఐడీ మాత్రమే పంపండి" అని చెబితే పది నిమిషాల పని. రేపు మెషీన్ రిపేర్‌కి వెళ్లినా, ఎవరికైనా అమ్మినా అందులో నంబర్లు తప్ప పేర్లు ఉండవు.

ట్యూబ్ లేబుల్ మీద పేరు, శాంపిల్ నంబర్ రెండూ ఉండాల్సిందే, లేకపోతే శాంపిళ్లు తారుమారవుతాయి. కానీ టెస్టు పేరు ఎవరైనా చదివేలా ఉండక్కర్లేదు. మీకు మాత్రమే తెలిసే కోడ్ పెట్టుకోండి.

3. డెమోకి వచ్చిన కంపెనీని వీటి గురించి అడగండి

డెమో చూపించేటప్పుడు స్క్రీన్ మీద ఎవరి పేర్లున్నాయో చూడండి. ఇంకో ల్యాబ్‌లోని నిజమైన పేషెంట్ల రిపోర్టులు తెరిచి "చూడండి సార్, వాళ్లకి ఇలా చేసిచ్చాం" అంటే, రేపు మీ పేషెంట్లని ఇంకో ఊళ్లో చూపిస్తాడు. మర్యాదగా టీ ఇచ్చి పంపేయండి.

తర్వాత రిపోర్టు లింకు పరీక్ష. దీన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. ట్రయల్ అకౌంట్‌లో "టెస్ట్ ఒకటి", "టెస్ట్ రెండు" అని ఇద్దరు ఉత్తుత్తి పేషెంట్లని వరుసగా బుక్ చేయండి. ఇద్దరి రిపోర్టు లింకులూ మీ ఫోన్‌కే రప్పించుకుని పక్కపక్కన పెట్టి చూడండి. లింకు చివర ఒకదానికి 10451, రెండోదానికి 10452 అని ఉంటే అనుమానించండి. ఎక్కడా లాగిన్ కాని బ్రౌజర్‌లో మొదటి లింకు తెరిచి చివరి అంకె మార్చండి. రెండో రిపోర్టు తెరుచుకుందంటే ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ప్రతి పేషెంట్ రిపోర్టూ అంకెలు మార్చుకుంటూ పోయేవాడికి దొరికిపోతుంది. లింకులో ఊహించడానికి వీల్లేని పొడుగాటి అక్షరాల వరుస ఉండాలి, తెరవాలంటే రిజిస్టర్ చేసిన ఫోన్‌కి ఓటీపీ రావాలి, కొన్నాళ్లకి దానంతటదే పనిచేయడం మానేయాలి. ఈ ప్రయోగం మీ ఉత్తుత్తి రికార్డుల మీదే చేయండి సుమా, అసలు పేషెంట్ల లింకుల మీద కాదు.

రిపోర్టు మీద క్యూఆర్ కోడ్ ఇస్తామంటే అది స్కాన్ చేస్తే ఏం కనిపిస్తుందో చూడండి. రిపోర్టు అసలుదో కాదో తేల్చడానికి రిపోర్టు నంబర్, తేదీ, పేరులో కొన్ని అక్షరాలు చాలు. మొత్తం రిజల్ట్ పరిచేయక్కర్లేదు.

సేల్స్ వాళ్లకి నచ్చని ప్రశ్నలు మరికొన్ని. సర్వర్ ఎక్కడుంది? మీ సపోర్ట్ స్టాఫ్ మా డేటా చూడగలరా, చూస్తే మాకు తెలుస్తుందా? ఏ రిపోర్టు ఎవరు తెరిచారో లాగ్ ఉంటుందా? మేం కంపెనీ మారితే డేటా మొత్తం మామూలు ఫైళ్లలో ఇచ్చేసి, మీ దగ్గరున్నది చెరిపేసినట్టు రాసిస్తారా? జవాబులు నోటిమాటగా ఒప్పుకోకండి, అగ్రిమెంట్‌లో రాయించండి. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం సాఫ్ట్‌వేర్ కంపెనీ చేసే పనికి కూడా జవాబుదారీ మీరే. "వాళ్లు చేశారండీ, మాకేం తెలియదు" అంటే కుదరదు.

4. ఒక మనిషికి ఒక లాగిన్

మానిటర్ అంచున స్టిక్కర్ మీద "lab123" లాంటి పాస్‌వర్డ్ రాసి కనిపించని ల్యాబ్ అరుదు. అందరూ ఒకే లాగిన్ వాడితే ఎవరు ఏం చూశారో ఎప్పటికీ తేలదు. ఊళ్లో పెద్దమనిషి రిపోర్టు బయటికి పొక్కిన రోజున అందరి మీదా అనుమానమే, పట్టుబడేది ఎవరూ ఉండరు.

రిసెప్షన్‌కి బుకింగ్, బిల్లు, రెడీ అయిన రిపోర్టు ప్రింట్ చాలు. శాంపిల్ తీసేవాళ్లకి ఆ రోజు లిస్టు చాలు. పాథాలజిస్ట్ లాగిన్‌తో టెక్నీషియన్ అప్రూవ్ చేయడం మామూలైపోయింది. దీనివల్ల డేటా సంగతి అటుంచితే, తప్పుడు రిపోర్టు వెళ్లినప్పుడు ఆ డాక్టర్ మెడకే చుట్టుకుంటుంది. ఓనర్ లాగిన్‌కి, ల్యాబ్ మెయిల్‌కి రెండంచెల వెరిఫికేషన్ తప్పనిసరి. ఎవరైనా ఉద్యోగం మానేస్తే ఆ సాయంత్రమే వాళ్ల లాగిన్ తీసేయాలి, కలెక్షన్ సెంటర్లలో పనిచేసేవాళ్లది కూడా.

వారానికోసారి లాగ్ తెరిచి చూసే అలవాటు చేసుకోండి. చూస్తున్నారని తెలిస్తేనే సగం కుతూహలం తగ్గిపోతుంది.

5. వాట్సాప్‌ని మానేయలేరు, కాబట్టి అదుపులో పెట్టండి

వాట్సాప్ వద్దని రూల్ పెడితే స్టాఫ్ సొంత ఫోన్ల నుంచి పంపుతారు, అది ఇంకా ప్రమాదం. ల్యాబ్ పేరు మీద ఒక నంబర్, ఒక ఫోన్ పెట్టండి. రిపోర్టులు దాన్నుంచే వెళ్లాలి, రిజిస్టర్ చేసిన నంబర్‌కే వెళ్లాలి. "రిపోర్ట్స్ గ్రూప్" అని డాక్టర్లు, ఆర్ఎంపీలు, కాంపౌండర్లు అందర్నీ చేర్చిన గ్రూపులుంటే మూసేయండి. ఒక డాక్టర్ పేషెంట్ సంగతి ఇంకో డాక్టర్ కాంపౌండర్‌కి ఎందుకు? అప్పుడప్పుడు ఆ ఫోన్‌లో లింక్డ్ డివైజెస్ తెరిచి, ఎప్పుడో ఎవరో లాగిన్ చేసి వదిలేసిన కంప్యూటర్లుంటే తీసేయండి.

బుకింగ్ దగ్గర "ఫోన్ నంబర్ చెప్పండి" అని మాత్రమే అడిగి ఊరుకోకండి. "రిపోర్టు ఎవరి ఫోన్‌కి పంపమంటారు? వాట్సాప్‌లో పంపాలా, మీరే వచ్చి తీసుకుంటారా?" అని అడగండి. ఇంటికంతా ఒకే ఫోన్ ఉండే కుటుంబాలు ఇంకా చాలా ఉన్నాయి. కాలేజీ అమ్మాయి చేయించుకున్న ప్రెగ్నెన్సీ టెస్టు రిజల్ట్ నేరుగా నాన్న ఫోన్‌కి పోతే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు. చెప్పిన నంబర్‌ని అంకె అంకె తిరిగి చదివి వినిపించండి. ఒక్క అంకె తప్పితే రిపోర్టు ముక్కూమొహం తెలియనివాళ్లకి చేరుతుంది. ల్యాబ్‌ల నుంచి వివరాలు ఎక్కువగా జారేది ఇలాంటి చోటే.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న పిల్లలు విజయవాడలోనో కరీంనగర్‌లోనో ఉన్న అమ్మానాన్నలకి హోమ్ కలెక్షన్ బుక్ చేసి, రిపోర్టు తమకే పంపమంటారు. డబ్బు కట్టేది కొడుకే అయినా రిపోర్టు తల్లిది. శాంపిల్ తీయడానికి వెళ్లినప్పుడు "అమ్మా, రిపోర్టు బాబుగారికి కూడా పంపమంటారా?" అని ఒక్క మాట అడిగి యాప్‌లో టిక్ పెట్టించండి. నూటికి తొంభైమంది సరేనంటారు. మిగిలినవాళ్లకి కాదనడానికి వాళ్ల కారణాలుంటాయి.

హెచ్ఐవీ రిజల్ట్ మాత్రం వాట్సాప్‌లో పంపకండి. 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ఆ వివరాన్ని గోప్యంగా ఉంచాలని స్పష్టంగా చెబుతోంది. మనిషిని పిలిచి, విడిగా కూర్చోబెట్టి చేతికివ్వండి. ఫోన్ చేసి "డాక్టర్ గారి క్లినిక్ నుంచి మాట్లాడుతున్నా, ఫలానావిడ రిజల్ట్ చెప్పు" అనేవాళ్లకి వెంటనే చెప్పకండి. పెట్టేసి, మీ దగ్గరున్న క్లినిక్ నంబర్‌కి మీరే తిరిగి ఫోన్ చేయండి.

6. మెషీన్లని ఇంటర్నెట్‌కి దూరంగా ఉంచండి

ఎనలైజర్‌తో వచ్చే పీసీలో చాలాసార్లు పాత విండోసే ఉంటుంది. అప్‌డేట్ చేస్తే మెషీన్ సాఫ్ట్‌వేర్ ఆగిపోతుందని కంపెనీయే వద్దంటుంది. సరే, అప్‌డేట్ చేయలేం. అలాంటప్పుడు దాన్ని బయటి ప్రపంచానికి కలపకూడదు. మెషీన్లకి వేరే నెట్‌వర్క్, వెయిటింగ్ హాల్ వైఫై పూర్తిగా వేరు. ఆ పీసీలో యూట్యూబ్ పాటలు, పెన్‌డ్రైవ్‌లో సినిమాలు వద్దే వద్దు. నైట్ డ్యూటీ వాళ్లు గొణుక్కుంటారు, గొణుక్కోనివ్వండి.

సర్వీస్ ఇంజనీర్ వచ్చినప్పుడల్లా ఎనీడెస్క్‌లో (దూరం నుంచి కంప్యూటర్ నడిపించే సాఫ్ట్‌వేర్) పర్మనెంట్ పాస్‌వర్డ్ పెట్టి పోతాడు, మళ్లీ అడగకుండా లోపలికి రావచ్చని. ఇది ఇంటి తాళంచెవి మేస్త్రీకిచ్చి మర్చిపోవడం లాంటిది. ఆ పాస్‌వర్డ్ తీసేయండి. అతను ఫోన్ చేసినప్పుడు మీరే తెరవండి, పనయ్యేదాకా ఎవరో ఒకరు స్క్రీన్ ముందు కూర్చోండి, అయ్యాక మూసేయండి.

ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్, వస్తే ఏమవుతుందో చూడాలంటే రెండు ఉదాహరణలు చాలు. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు ఎన్‌క్రిప్ట్ అయిపోయాయి, అంటే వాటిలోనివి ఎవరూ చదవలేని రూపంలోకి మారిపోయాయి. రిజిస్ట్రేషన్, ల్యాబ్ రిపోర్టులు అన్నీ రోజుల తరబడి కాగితాల మీదే నడిచాయి. 2024 జూన్‌లో లండన్‌లోని పెద్ద ఆస్పత్రులకి ల్యాబ్ పరీక్షలు చేసే సిన్నోవిస్ మీద దాడి జరిగింది. బ్లడ్ గ్రూప్ మ్యాచింగ్ మామూలు వేగంతో చేయలేక దాదాపు అందరికీ పనికొచ్చే 'ఓ' (O) గ్రూప్ రక్తం ఇవ్వమని దాతల్ని పిలవాల్సి వచ్చింది. ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. దొంగిలించిన పేషెంట్ వివరాలు తర్వాత ఆన్‌లైన్‌లో పెట్టేశారు.

బ్యాకప్ మూడు కాపీలు: వాడుకలో ఉన్నది, క్లౌడ్‌లో ఒకటి, వైరు తీసేసి బీరువాలో పెట్టిన హార్డ్‌డిస్క్ ఒకటి. ఎప్పుడూ కంప్యూటర్‌కి తగిలించి ఉంచిన డిస్క్ బ్యాకప్ కింద లెక్కలోకి రాదు, ర్యాన్సమ్‌వేర్ దాన్ని కూడా తినేస్తుంది. డిస్క్‌కి ఎన్‌క్రిప్షన్ పెట్టండి, పోయినా ఎవరూ చదవలేరు. నెలకోసారి పాత రిపోర్టు ఒకటి బ్యాకప్‌లోంచి తెరిచి చూడండి. సిస్టమ్ మొత్తం పడిపోయిన రోజు కోసం ప్రింట్ చేసిన ఖాళీ ఫారాల కట్ట ఒకటి రిసెప్షన్ అరలో ఉండాలి. ఐఎస్ఓ 15189 (మెడికల్ ల్యాబ్‌ల నాణ్యతా ప్రమాణం) కోసం ల్యాబ్‌లకి గుర్తింపునిచ్చే ఎన్ఏబీఎల్ నుంచి అసెసర్ వచ్చినా ఇవన్నీ అడుగుతారు.

7. ఏఐ, డిజిటల్ స్లైడ్లు

స్లైడ్ స్కానర్ (గాజు స్లైడ్‌ని డిజిటల్ ఫొటోగా మార్చే మెషీన్) కొన్నాక సెకండ్ ఒపీనియన్ కోసం ఫైలు పంపడం చాలా తేలిక. ఫైలు పేరులో పేషెంట్ పేరు తీసేసి నంబర్ పెడతారు, ఇంక భయం లేదనుకుంటారు. కానీ చాలా స్కానర్లు గాజు స్లైడ్ అంచున ఉన్న లేబుల్‌ని కూడా విడిగా ఫొటో తీసి అదే ఫైలులో దాస్తాయి. అవతలివాళ్లు ఆ లేబుల్ ఇమేజ్ తెరిస్తే పేరు చక్కగా కనిపిస్తుంది. పంపేముందు దాన్ని తీసేసే ఆప్షన్ ఎక్కడుందో స్కానర్ కంపెనీని అడిగి తెలుసుకోండి. అసలు లేబుల్ మీదే పేరు లేకుండా నంబర్ ఉంటే ఇంకా మంచిది.

తెలియని రిజల్ట్ వస్తే రిపోర్టు ఫొటో తీసి ఫోన్‌లోని చాట్‌బాట్‌ని అడగడం కుర్ర టెక్నీషియన్లకి అలవాటైపోయింది. తిట్టి లాభం లేదు. పేరు, ఫోన్, ల్యాబ్ నంబర్ లేకుండా విలువలు మాత్రమే టైప్ చేసి అడగమనండి. మీ పాత రిపోర్టులిస్తే ఏఐ సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇస్తామని ఏ కంపెనీ అయినా వస్తే, ఉచితం ఎందుకో ముందు అడగండి. పేరు తీసేసినా ఊరు, వయసు, తేదీ, అరుదైన జబ్బు నాలుగూ ఉంటే చిన్న ఊళ్లో మనిషిని ఇట్టే పోల్చుకోవచ్చు.

8. పేషెంట్‌కి తెలుగులో చెప్పండి

డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. తగిన రక్షణ పెట్టకపోతే జరిమానా రూ.250 కోట్ల దాకా ఉండొచ్చు. చిన్న ల్యాబ్‌కి అంత వేస్తారని కాదు, కానీ చట్టం ఈ విషయాన్ని ఎంత గట్టిగా తీసుకుందో అర్థమవుతుంది. సమ్మతి కోసం ఇచ్చే నోటీసు పేషెంట్ కోరిన భాషలో అందుబాటులో ఉండాలి, అందులో తెలుగూ ఉంది. రెండు పేజీల లాయర్ భాష వద్దు. ఏం తీసుకుంటున్నాం, ఎందుకు, ఎవరికి పంపుతాం, ఎన్నాళ్లు ఉంచుతాం, ఫిర్యాదు ఎవరికి చేయాలి అని అరపేజీలో రాసి కౌంటర్ దగ్గర పెట్టండి. పేషెంట్ నంబర్‌కి హెల్త్ ప్యాకేజీల ఆఫర్లు పంపాలంటే దానికి విడిగా అడగాలి.

9. పోయిందని తెలిసిన రోజు

ముందు నెట్‌వర్క్ వైరు తీసేయండి. కంప్యూటర్ ఆఫ్ చేయకండి, ఏదీ చెరపకండి, ఆనవాళ్లు పోతాయి. ఎన్నింటికి ఏం గమనించారో ఒక పుస్తకంలో టైముతో రాయండి. సైబర్ దాడి అయితే 2022 నాటి ఆదేశాల ప్రకారం ఆరు గంటల్లోగా సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలపాలి. కొత్త నియమాల ప్రకారం డేటా ప్రొటెక్షన్ బోర్డుకి ఆలస్యం లేకుండా చెప్పి, 72 గంటల్లోగా పూర్తి వివరాలివ్వాలి. పేషెంట్లకి కూడా ఏం పోయిందో, వాళ్లు ఏం జాగ్రత్తపడాలో చెప్పాలి. ఈ పనులు ఎవరు చేయాలో, వాళ్ల ఫోన్ నంబర్లేంటో ముందే రాసి గోడకి అంటించండి. ఆ టెన్షన్‌లో ఎవరికీ ఏదీ గుర్తుకురాదు.

ఒకరి రిపోర్టు ఇంకొకరి కవర్లో పెట్టివ్వడాన్ని కూడా ఇదే పుస్తకంలో రాయండి. పదిసార్లు రాస్తే ఏ షిఫ్టులో, ఏ కౌంటర్ దగ్గర జరుగుతోందో బయటపడుతుంది.

10. పాత సామాను

కొత్తది వచ్చిన సందట్లో పాతదాన్ని ఎవరూ పట్టించుకోరు. ఎక్స్చేంజ్‌లో ఎనలైజర్ తీసుకెళ్లేముందు అందులోని రిజల్టుల మెమరీ చెరిపించి, చెరిపామని ఇంజనీర్‌తో సంతకం పెట్టించుకోండి. పాత కంప్యూటర్ అమ్మాలంటే హార్డ్‌డిస్క్ తీసి మీ దగ్గరే ఉంచుకోండి, ఫార్మాట్ చేస్తే చాలదు. తప్పు ప్రింట్లు, తీసుకెళ్లని రిపోర్టులు తూకానికి వేయకండి. మిర్చిబజ్జీల పొట్లం విప్పితే ఎవరిదో లిపిడ్ ప్రొఫైల్ కనిపించడం మన ఊళ్లలో కొత్తేం కాదు. రెండు మూడు వేలల్లో చిన్న ష్రెడర్ వస్తుంది.

చివరిగా బార్‌కోడ్ ప్రింటర్ రిబ్బన్. ఇది ఎవరికీ తట్టదు. రిబ్బన్ వాడే ప్రింటర్ అయితే, అయిపోయిన రోల్‌ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే లేబుల్ మీద పడిన ప్రతి పేరూ అందులో వరుసగా కనిపిస్తుంది. దాన్ని కూడా కత్తిరించి ముక్కలు చేశాకే చెత్తలో వేయండి.